క్రమం తప్పిన తీగ

శ్రీ గురుభ్యో నమః.

ఈ పుటలలో ఇంతవరకు సంధ్యోపాసనను గురించి, అభిషేక విధానాన్ని గురించి, ప్రమాణ విచారాన్ని గురించి వ్రాస్తూ వచ్చిన నేను నేడు ఒక యంత్రాన్ని గురించి వ్రాస్తున్నాను. పూజాపీఠం మీది రాగిరేకు యంత్రం కాదు, బల్ల మీది కంప్యూటరు. దానిని నా చేతులతో నేనే కూర్చుకున్నాను. కూర్చిన తరువాత అది రెండు దినాలు మేల్కొనలేదు. ఆ రెండు దినాలలో యంత్రంలోని దోషాన్ని వెదకబోయి నాలోని దోషాలను కొన్నింటిని చూచుకున్నాను. అందుచేత ఇది ఈ పుటలకు అన్యమైన విషయం కాదని భావించి విన్నవించుకుంటున్నాను.

నేను ఎనిమిదవ ఏట గురుగృహంలో ప్రవేశించాను. కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖ. ఏడు కాండలు, నలభై నాలుగు ప్రశ్నలు, 651 అనువాకాలు గల సంహితను మా గురుపాదులు కాగితం ముట్టకుండా నోటితో చెప్పి నోటితో చెప్పించారు. వారు ఘనాపాఠీలు. వార్ధక్యంలో వారి కంఠం సన్నగిల్లక మునుపే కొంత భాగాన్నయినా భద్రపరచాలని శిష్యులం కొందరం ప్రార్థించగా, మొదట అంగీకరించలేదు. "కంఠంలో ఉండవలసినది పెట్టెలో ఎందుకురా?" అన్నారు. చివరకు మా పట్టుదలకు మెత్తబడి, శ్రీరుద్రం ఉన్న నాల్గవ కాండను, మరికొన్ని ప్రశ్నలను క్రమపాఠంగా చెప్పారు. ముప్పయి ఆరు క్యాసెట్లు నిండాయి. వారు పరమపదించిన తరువాత, 2009లో ఇంటికి ఒక కంప్యూటరు కొన్నప్పుడు, మా అబ్బాయి టేపురికార్డరు నుండి దానికి తీగ కలిపి ఒక వేసవి సెలవులన్నీ వెచ్చించి ఆ ముప్పయి ఆరు గంటల నాదాన్ని అందులోనికి ఎక్కించాడు. ఆ తరువాత రెండు వర్షాకాలాల చెమ్మకు క్యాసెట్లకు బూజు పట్టింది. టేపు చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. నాటినుండి మా గురుపాదుల స్వరం ఈ లోకంలో ఉన్న చోటు ఆ ఒక్క హార్డ్‌డిస్కే.

ఇన్నేళ్ళు దానికి మరొక ప్రతి ఎందుకు తీసుకోలేదని మీరు అడగవచ్చును. అది నా మొదటి దోషం. ఉన్నది ఎల్లప్పుడూ ఉంటుందనుకోవడం సంసారి లక్షణం. అనిత్యత్వాన్ని గురించి వేదిక మీద ఉపన్యసించే నేను ఆ లక్షణానికి అతీతుడను కాలేకపోయాను.

గత వర్షర్తువులో ఆ పాత యంత్రం ఆగిపోయింది. బాగుచేసే కుర్రవాడు వచ్చి మూత విప్పి, మదర్‌బోర్డు మీద ఉబ్బిపోయిన కెపాసిటర్లను చూపించి, "ఇది ఇక లేవదండి, డిస్కు మాత్రం బాగానే ఉన్నట్టుంది" అన్నాడు. ఫాల్గుణంలో గురుపాదుల పుణ్యతిథి. ఆనాటికి వారి శిష్యప్రశిష్యులందరూ కూడుతారు. ఆ దినాన వారి కంఠాన్ని అందరికీ వినిపించాలని సంకల్పం కలిగింది. విదేశంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, "నాన్నగారూ, మీకెందుకు శ్రమ? ఒక ల్యాప్‌టాప్ పంపిస్తాను" అన్నాడు. నేను వద్దన్నాను. గురుకార్యం గనుక నా సంభావన సొమ్ముతోనే కావాలన్నది పైకి చెప్పిన కారణం. ఇంత శాస్త్రం చదివినవాడను, ఈ పనిముట్టును నేను కూర్చలేనా అన్న అభిమానం లోపలి కారణం. అహంకారం గురుభక్తి వేషం వేసుకుని వచ్చినప్పుడు దానిని గుర్తించడం మిక్కిలి కష్టం.

యజ్ఞానికి ముందు సంభారాలు సమకూర్చుకున్నట్లే, పట్టణంలోని ఒక దుకాణంలో సామగ్రి కొన్నాను. ఆరు కోర్ల రైజెన్ 5 7600 ప్రాసెసర్, దానికి తగిన ఏఎం5 మదర్‌బోర్డు, ఎనిమిది జీబీల డీడీఆర్5 ర్యామ్ పలకలు రెండు, ఒక ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎమ్‌పీఎస్, క్యాబినెట్. ఆ ప్రాసెసర్‌లోనే బొమ్మను తెరకు పంపే భాగం కూడ ఉన్నందువల్ల వేరుగా గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. దుకాణదారుడు ముప్పయి ఏళ్ళు నిండని యువకుడు. "పంతులుగారూ, నేనే బిగించి ఇస్తాను, అదనంగా ఏమీ తీసుకోను" అన్నాడు. ఆ మాటను కూడ వద్దన్నాను.

ఇంట కూర్చునే ముందు పట్టు ఉత్తరీయం తీసివేసి నూలుపంచెతో కూర్చున్నాను. పట్టు ఒంటికి రాచుకుంటే స్థిరవిద్యుత్తు పుడుతుంది. మన చర్మానికి తెలియనంత స్వల్పమైన ఆ విద్యుత్తే సూక్ష్మ పరికరాలను చంపగలదు. అందుకే మధ్య మధ్య క్యాబినెట్ లోహాన్ని ముట్టుకుంటూ పని చేయాలి. మడి గురించి తెలిసినవాడికి ఈ నియమం కష్టం కాదు. ప్రాసెసర్‌ను కూర్చోబెట్టే పీఠంలో 1718 సన్నని స్పర్శశలాకలు ఉంటాయి. దర్భాగ్రం కన్న మృదువైనవి. ప్రాసెసర్ మూలన ఉన్న చిన్న త్రికోణ చిహ్నాన్ని పీఠం మీది చిహ్నంతో సరిపోల్చి, ఏ మాత్రం ఒత్తిడి లేకుండా ఉంచి, మీది పట్టీని బిగించాలి. దానిపై చల్లబరచే పంఖాను నాలుగు మరలతో, ఒక మరను పూర్తిగా బిగించక ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఇవన్నీ శ్రద్ధగానే చేశాను. ర్యామ్ ఉంచే గాడులపై ఏదో చిన్న అక్షరాలతో ఒక కాగితం అంటించి ఉన్నది. దానిని ఒలిచి పెట్టెలో పడవేసి, పలకలను గాడులలో పెట్టాను. ఆ కాగితాన్ని మీరు జ్ఞాపకముంచుకోవలసిందిగా ప్రార్థన.

ఎస్‌ఎమ్‌పీఎస్ నుండి తీగలు కలుపుతూ ఉండగా ప్రదోష సమయమయింది. ఆలయంలో నివేదన వేళ తప్పరాదు గనుక ఉన్నపళంగా లేచి స్నానం చేసి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిది గంటలు. ఎక్కడ ఆపానో అక్కడినుండే మొదలుపెట్టాననుకుని, మిగిలిన పని ముగించి, బయట వ్రేలాడుతున్న తీగలను అందంగా కట్టి వెనుకకు సర్ది, మూత వేశాను.

ఊరందరికీ ముహూర్తాలు పెట్టేవాడను గనుక మంచి హోర చూచి మీట నొక్కాను. పంఖాలు తిరిగాయి. మా ఇల్లాలు చేతులు జోడించింది. మానిటర్ మాత్రం నల్లగానే ఉన్నది. ఆపి మరల నొక్కాను. పంఖాలు తిరుగుతున్నాయి, తెర చీకటి. మూత తీసి చూడగా బోర్డు అంచున నాలుగు చిన్న దీపాలున్న చోట 'సీపీయూ' అన్న పేరు గల ఎర్రని దీపం వెలుగుతున్నది. వెంటనే నా అనుమాన ప్రమాణం పని చేసింది: పంఖాలు తిరుగుతున్నవి గనుక విద్యుత్తు సక్రమంగా అందుతున్నది. సీపీయూ దీపం వెలుగుతున్నది గనుక ప్రాసెసర్ చెడినది. కనుక దుకాణదారుడు చెడిన వస్తువును నాకు అంటగట్టాడు.

రాత్రి తొమ్మిదిన్నరకు ఆ యువకునికి ఫోను చేశాను. నేను అన్న మాటలను ఇక్కడ వ్రాయలేను. వయసులో నా కుమారుని కన్న చిన్నవాడు, భోజనం చేస్తూ ఫోను ఎత్తినవాడు. "బ్రాహ్మణుని మోసగించి బాగుపడతావా?" అన్నంత వరకు వెళ్ళాను. అతడు రెండు పర్యాయాలు "పంతులుగారూ, ఒక్కసారి తీగలన్నీ చూడండి" అన్నాడు. నేను వినలేదు. చివరకు, "రేపు తీసుకురండి, మార్చి ఇస్తాను" అని మెల్లగా చెప్పి పెట్టేశాడు.

ఆ రాత్రి నిద్ర రాలేదు. ఆంధ్రుడైన అన్నంభట్టు పదిహేడవ శతాబ్దిలో బాలుర కోసం వ్రాసిన తర్కసంగ్రహాన్ని నేను పదునెనిమిదవ ఏట చదువుకున్నాను. ఎందరికో పాఠం కూడ చెప్పాను. అందులో హేత్వాభాసలు అయిదు. హేతువువలె కనబడుతూ హేతువు కానివి అవి. సాధ్యం ఉన్న చోటా లేని చోటా సమానంగా కనబడే హేతువు సవ్యభిచారం. దానితో ఏదీ సిద్ధించదు. పంఖాలు తిరగడం అటువంటి హేతువేనేమో అని మధ్యరాత్రి దాటిన తరువాత స్ఫురించింది. పంఖాలకు కావలసిన శక్తి వేరు, ప్రాసెసర్‌కు కావలసిన శక్తి వేరు అయితే? పంఖాలు తిరిగినంత మాత్రాన ప్రాసెసర్‌కు శక్తి అందుతున్నదని ఎట్లా చెప్పగలను? ఈ ప్రశ్నను నా శిష్యుడు పరీక్షలో తప్పుగా చెప్పి ఉంటే మందలించి ఉండేవాడిని. నా క్రోధం వేళ నాకే తోచలేదు. కోపం వచ్చినప్పుడు మనిషి శాస్త్రాన్ని మరచిపోడు, శాస్త్రాన్ని కోపానికి సాక్ష్యంగా పిలుస్తాడు. 'గనుక', 'కనుక' అంటూ నేను కట్టిన వాక్యాలన్నీ అటువంటి కూటసాక్ష్యాలే.

ఉదయం అభిషేకం ముగించుకుని వచ్చి మరల మూత విప్పాను. నా వద్ద సంథ చెప్పుకుంటున్న పదమూడేళ్ళ బాలుడు దీపం పట్టుకుని నిలుచున్నాడు. కొంతసేపు చూచి, "గురువుగారూ, ఈ తీగకు చోటెక్కడ?" అన్నాడు. వెనుక వైపు నేను అందంగా కట్టిన తీగల కట్టలో ఎనిమిది రంధ్రాల కొన గల తీగ ఒకటి ఎక్కడా కలియక ఉండిపోయింది. ఆ కొన మీద 'సీపీయూ' అని ముద్రించి ఉన్నది. బోర్డు పై అంచున, ప్రాసెసర్ ప్రక్కనే, దానికి సరిపోయే ఎనిమిది శలాకల గూడు ఖాళీగా ఉన్నది.

బోర్డు అంతటికీ శక్తినిచ్చే ఇరవై నాలుగు శలాకల పెద్ద తీగను కలిపిన పిమ్మట నేను ఆలయానికి లేచాను. తిరిగి వచ్చి ఆ తరువాతి దానిని విడిచి, ఆపై దాని నుండి మొదలుపెట్టాను. ప్రాసెసర్‌కు ప్రత్యేకంగా పన్నెండు వోల్టుల శక్తి ఈ ఎనిమిది శలాకల మార్గంలోనే వస్తుంది. దానిని బోర్డు సుమారు ఒక వోల్టుకు దించి ప్రాసెసర్‌కు అందిస్తుంది. ఆ మార్గం లేకపోయినా పంఖాలు పెద్ద తీగ నుండి వచ్చిన శక్తితో నిశ్చింతగా తిరుగుతూనే ఉంటాయి. ఎర్రదీపం 'ప్రాసెసర్ చెడింది' అని చెప్పడం లేదు. 'పరీక్ష ఇక్కడ ఆగిపోయింది' అని మాత్రమే చెబుతున్నది. నేను విడిచిన తీగ లోపాన్ని ప్రాసెసర్ మీద ఆరోపించాను, ప్రాసెసర్ మీది ఆరోపణను అమ్మినవాని మీద మోపాను. రజ్జువు మీద సర్పాన్ని చూచేవాడు కూడ ఇంతకన్న ఎక్కువ చేయడు.

వేదాధ్యయనంలో మాకొక నియమం ఉన్నది. పనస మధ్యలో ఆగవలసి వస్తే, ఆగిన పదం దగ్గరనుండి ఎత్తుకోకూడదు. పనస మొదటికి వెళ్ళి రావాలి. ఎక్కడ ఆపామో మనకు తెలుసునన్న నమ్మకమే మొదటి ప్రమాదం గనుక. క్రమపాఠంలోనయితే మొదటి పదాన్ని రెండవదానితో, రెండవదానిని మూడవదానితో కలుపుతూ పోతాము. ప్రతి పదమూ ముందుదానిని ఒక చేత, వెనుకదానిని మరొక చేత పట్టుకుని ఉంటుంది. ఒక పదం జారితే రెండు చోట్ల తెలిసిపోతుంది. నలభై ఏళ్ళకు పైగా ఈ నియమాన్ని నోటితో పాటించినవాడను, చేతితో పాటించలేదు.

తీగ కలిపి మీట నొక్కాను. ఎర్రదీపం ఒక క్షణం వెలిగి ఆరిపోయింది. బాలుడు కేరింత కొట్టాడు. దాని ప్రక్కన 'డీ ర్యామ్' అన్న పసుపు దీపం వెలిగింది. తెర మాత్రం అట్లాగే నల్లగా ఉన్నది. ఒక నిమిషం చూచి ఆపివేశాను. ఇక్కడ నా రెండవ పరీక్ష మొదలయింది.

ఈ మారు కోపం తెచ్చుకోకుండా శాస్త్రప్రకారమే వెళ్ళాలనుకున్నాను. అన్వయ వ్యతిరేకాలు కారణనిర్ణయానికి రాజమార్గం. ఏది ఉంటే కార్యం ఉంటుందో, ఏది లేకపోతే కార్యం ఉండదో చూడాలి. అయితే దానికి ఒక షరతు ఉన్నది: ఒక పర్యాయం ఒక్కదానినే మార్చాలి. రెండింటిని ఒకేసారి మారిస్తే ఫలితం వచ్చినా కారణం తెలియదు. అందుకని అవసరం లేని వాటినన్నింటిని తొలగించి, ప్రాసెసర్, దాని పంఖా, ఒక ర్యామ్ పలక, మానిటర్ తీగ, ఇవి మాత్రమే ఉంచాను. మొదటి పలకను ప్రాసెసర్ వైపు నుండి రెండవ గాడిలో ఉంచాను. కొన్ని బోర్డులలో ర్యామ్ గాడికి ఒక కొనన మాత్రమే కొక్కెం ఉంటుంది. రెండవ కొన పూర్తిగా దిగినదో లేదో కంటికి తెలియదు. రెండు కొనలను బొటనవ్రేళ్ళతో సమంగా నొక్కి, 'టక్' మన్న శబ్దం విని, మీట నొక్కాను. పసుపు దీపం. ఒక నిమిషం చూచి ఆపాను. రెండవ పలకను అదే గాడిలో ఉంచాను. పసుపు దీపం. ఒక నిమిషం. గాడిని మార్చాను. మరల అదే. పలకలను తారుమారు చేశాను. మరల అదే.

మధ్యాహ్నమయింది. రెండు పలకలూ చెడినవా? క్రొత్త పలకలు రెండూ ఏకకాలంలో చెడి ఉండటం అసంభవం కాదు గాని, దుర్లభం. రెండు గాడులూ చెడినవా? ఫోను చేతికి వచ్చింది. నిన్నటి మాటలు గుర్తుకు వచ్చి క్రింద పెట్టాను. ఒక కాగితం తీసుకుని నేను చేసిన ప్రయత్నాలనన్నింటిని వరుసగా వ్రాశాను. ఏ పలక, ఏ గాడి, ఎంతసేపు. పలక మారింది, గాడి మారింది. మారనిది ఏమిటి? అన్ని వైఫల్యాలలోనూ అనుగతమైనది ఏమిటి? మూడవ వరుసలో పై నుండి క్రింది వరకు ఒకటే మాట ఉన్నది: ఒక నిమిషం. ఒక నిమిషం. ఒక నిమిషం.

అన్నింటిలో అన్వయించినది నేనే. ప్రతి పర్యాయమూ ఒక నిమిషానికే ఆపిన నా వ్రేలు. దాని వ్యతిరేకాన్ని, అనగా ఆపకుండా ఉండటాన్ని, నేను ఒక్కసారి కూడ పరీక్షించలేదు.

అప్పుడు శబ్దప్రమాణాన్ని ఆశ్రయించాను. బోర్డుతో వచ్చిన ఆంగ్ల పుస్తకాన్ని కూడబలుక్కుంటూ చదివాను. పెట్టెలో పుస్తకం క్రింద, ఒలిచి పడవేసిన ఆ కాగితం దొరికింది. మొదటిసారి ఆరంభించినప్పుడు ర్యామ్‌ను సరిచూచుకోవడానికి ఇంత సమయం పడుతుంది, అంతవరకు ఆపకండి అన్నది దాని సారాంశం. డీడీఆర్5 ర్యామ్ అత్యంత వేగంగా పని చేసేది గనుక, బోర్డు మొదటిసారి దానితో కలిసినప్పుడు ఏ సంకేతాన్ని ఏ క్షణాన పంపితే స్పష్టంగా అందుతుందో పలుమార్లు పంపి, విని, సవరించుకుంటుంది. దానికి 'మెమరీ ట్రెయినింగ్' అని పేరు. కొన్నిసార్లు పలు నిమిషాలు పడుతుంది. ఆ సమయమంతా తెర నల్లగానే ఉంటుంది. ఒకసారి నేర్చుకున్నదానిని అది దాచుకుని, తరువాతి పర్యాయాలలో త్వరగా లేస్తుంది. మధ్యలో ఆపితే మరల మొదటికి రావలసిందే.

చదివి నవ్వు వచ్చింది, సిగ్గు కూడ వేసింది. పలకలు సంథ చెప్పుకుంటున్నాయి. గురువు ఒకసారి, శిష్యుడు రెండుసార్లు, స్వరం కుదిరేవరకు. పనస సగంలో ఉండగా ప్రతి పర్యాయమూ నేను వచ్చి శిష్యుని చెవి పట్టుకుని లేపి, 'వీడికి చదువు రాదు' అని తీర్పు చెప్పాను. ఆప్తవాక్యం నా కళ్ళ ముందే అంటించి ఉండగా ఒలిచి పారవేసి, అనుమానంతో ఇంత దూరం నడిచాను.

సాయంసంధ్య వేళయింది. ఒక పలకను ఉంచి, మీట నొక్కి, పసుపు దీపం వెలగగానే వెనుదిరిగి కాలువ రేవుకు వెళ్ళిపోయాను. ఆనాడు అర్ఘ్యప్రదానం వేళ మనస్సు కొంత యంత్రం వైపు లాగిందని ఒప్పుకుంటాను. గాయత్రీ జపం మధ్యలో అది కూడ సద్దుమణిగింది. లేచి ఇంటికి వచ్చేసరికి బాలుడు గుమ్మంలో నిలుచుని ఉన్నాడు. ఏమీ అనలేదు. లోపలికి వేలు చూపించాడు. తెర మీద బోర్డు పేరు, ప్రాసెసర్ పేరు, ఎనిమిది జీబీలు అన్న అంకె కనబడుతున్నవి. రెండవ పలకను కూడ ఉంచాను. మరల పసుపు దీపం వెలిగింది. ఈ మారు బాలునికి ఆనాటి పనసలు వల్లె వేయిస్తూ కూర్చున్నాను. రెండవ పనస ముగిసేలోపు తెర వెలిగింది. ఆ రాత్రే పెన్‌డ్రైవ్ నుండి ఉబుంటు ఎక్కించాను.

పాత డిస్కును వెంటనే కలపలేదు. క్రొత్త యంత్రం ఒక రాత్రి, ఒక పగలు ఆగక నడిచిన తరువాత, విద్యుత్తు పూర్తిగా తీసివేసి, సాటా తీగలు రెండు కలిపి ఆరంభించాను. డిస్కు గిర్రున తిరిగిన చప్పుడు వినబడింది. ఫోల్డరు తెరుచుకున్నది. ముప్పయి ఆరు పేర్లు. మొదట వినాలన్న ఆత్రుతను అణచుకుని ముందు ప్రతి తీసుకున్నాను. ముప్పయి నాలుగు సురక్షితంగా వచ్చాయి. రెండు సగంలో ఆగిపోయాయి. ఎన్ని విధాల ప్రయత్నించినా రాలేదు.

అప్పుడు ఒకటి తెరిచాను. ముందు టేపు రాపిడి, ఎక్కడో కాకి అరుపు, ఆ తరువాత వారి కంఠం. మా ఇల్లాలు వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలుచున్నది. వారు ఒక వాక్యం చెబుతున్నారు, శిష్యులు అనుసరిస్తున్నారు. కొంతసేపటికి ఒక యువకంఠం ఒక పదంలో స్వరితాన్ని జార్చింది. ఎవరిదో అనుకున్నాను. నాదే. గురుపాదులు ఆగారు. కోపం లేదు, నిట్టూర్పు లేదు, 'తప్పు' అన్న మాట కూడ లేదు. "మళ్ళీ" అన్నారు. నేను మళ్ళీ చెప్పాను, మళ్ళీ జారింది. "మళ్ళీ." మూడవసారి కుదిరింది. వారు ఏమీ జరగనట్లే తరువాతి పదానికి వెళ్ళిపోయారు.

ఆ ఒక్క మాటను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. దోషం చూపించవచ్చును గాని దోషిని చేయనక్కరలేదు అని వారు ఏనాడూ నాకు ఉపదేశించలేదు. ఆ విధంగా జీవించారు. వారి కంఠాన్ని రక్షించబోతూ వారి నడవడిని నేను రెండు దినాల క్రితం ఫోనులో పారవేసుకున్నాను.

మరునాటి ఉదయం బస్సులో పట్టణానికి వెళ్ళాను. దుకాణంలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఫోనులో దూషించింది ఒంటరిగానే అయినా, క్షమాపణను నలుగురి ఎదుట చెప్పడమే న్యాయమనిపించింది. "నాయనా, ప్రాసెసర్ బాగున్నది, ర్యామ్ బాగున్నది. తీగ కలపనిది నేను. ఆగలేనిదీ నేనే. ఆ రాత్రి అనరాని మాటలు అన్నాను. క్షమించు" అన్నాను. అతడు కుర్చీలోనుంచి లేచి, "అయ్యో, మీరు పెద్దవారు, అట్లా అనకూడదండి. ఆ ఎనిమిది పిన్నుల తీగ నేను కూడ మొదట్లో రెండుసార్లు మరచిపోయానండి" అన్నాడు. తరువాత కొంచెం ఆగి, "కానీ పంతులుగారూ, ఆ రాత్రి మాత్రం అన్నం సహించలేదండి" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ప్రసాదం పొట్లం అతని చేతిలో పెట్టి కొంతసేపు అక్కడే కూర్చుని వచ్చాను.

ఈ పని తలపెట్టే వారికి నా అనుభవం నుండి నాలుగు మాటలు. తీగలను కలిపేటప్పుడు జాబితా వ్రాసుకుని ఒక్కొక్కదానికి గుర్తు పెట్టండి. మధ్యలో లేస్తే జాబితా మొదటి నుండి చూడండి. లేవని యంత్రాన్ని కనీస సామగ్రితో పరీక్షించి, ఒక పర్యాయం ఒక్కదానినే మార్చండి. డీడీఆర్5 ర్యామ్ అయితే మొదటిసారి పది పదిహేను నిమిషాలు ముట్టకండి. ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ విప్పకండి. తీగ పీకివేసినా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. వీటన్నింటికన్న ముందు, విలువైన దానికి మూడు ప్రతులు, రెండు విధాల సాధనాల మీద, ఒకటి మరొక ఊరిలో ఉంచండి. ఇప్పుడు ఆ ధ్వనులు క్రొత్త యంత్రంలో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, విదేశంలో మా అబ్బాయి వద్ద ఒకటి ఉన్నవి. మన పూర్వులు ఈ సూత్రాన్ని కంఠాలతో పాటించారు. అగ్నికీ వరదకూ ఒకేసారి అందనన్ని కంఠాలలో వేదాన్ని దాచారు.

సగంలో ఆగిపోయిన ఆ రెండు క్యాసెట్ల భాగం ఏదో గుర్తించాను. అది నాకు కంఠస్థమే. పుణ్యతిథి నాడు గురుపాదుల స్వరం ఆ చోటికి వచ్చి ఆగిపోయినప్పుడు సభ నిశ్శబ్దమయింది. అక్కడినుండి నేను అందుకున్నాను. కొన్ని వాక్యాల తరువాత ప్రక్కనున్న బాలుడు కూడ అందుకున్నాడు. ఒకచోట వాని స్వరం జారింది. నేను ఆగి అన్నాను, "మళ్ళీ."

శుభం భూయాత్.